ఇచ్చెయ్యాలి

దామోదర్ చనిపోయిన గురువారం ఉదయం పదకొండుంపావుకి నిరుపమ అతని పక్కన లేదు. ఆసుపత్రికి ఐదు నిమిషాల దూరంలో, హామిల్టన్ లైబ్రరీలో, తిరిగిచ్చే పుస్తకాలు వేసే గూట్లోకి ఒక తోటపని మ్యాగజైన్‌ని జారవిడుస్తోంది. అట్ట మీద జామకాయల్లా ఉండే ఫీజోవా కాయల బొమ్మ ఉంది. అప్పుడు ఏప్రిల్, ఇంటి వెనక చెట్టు కింద కూడా అవే కాయలు రాలి, ఏరేవాళ్ళు లేక మెత్తబడి పడి ఉన్నాయి. గూట్లో పడ్డ మ్యాగజైన్ లోపలెక్కడో మెత్తగా తగిలిన చప్పుడు వినిపించింది, ఆ వెంటనే చేతిసంచీలో ఫోన్ మోగింది. ఆ రెండు చప్పుళ్ళ మధ్య ఒక్క ఊపిరి తీసుకునేంత వ్యవధి ఉంది. ఆ వ్యవధిలో తన భర్త బతికే ఉన్నాడని ఆమె అనుకుంది, అంతకు ముందే పోయాడని తర్వాత తెలిసింది. సాయంత్రం లోవర్ హట్ అనే ఊరినుంచి వచ్చిన కూతురు సిరి, ఆ వేళప్పుడు తల్లి ఎక్కడుందో విని, తల్లి ముఖంలోకి చూసి, "అమ్మా, ఫర్ ఎ మ్యాగజైన్?" అని ఒక్క ముక్క అడిగింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడమే ఇద్దరి మధ్యా ఇన్నాళ్ళూ కూర్చుని ఉంది.

ఇవాళ కూడా గురువారమే. జూలై సెలవులు, ఇక్కడ ఇది చలికాలం, బడి లేదు. కిటికీ బయట పొగమంచు ఇంకా లేవలేదు, ఎదురింటి కంచె కూడా కనపడటం లేదు. తుపాకుల శాఖ నుంచి ఒకావిడ పదికీ పదకొండుకీ మధ్య వస్తానంది. పదీ అయిదయింది. భోజనాల బల్ల మీద పాత గుడ్డ పరిచి, దాని మీద పాలల్లో కలుపుకునే మైలో పొడి డబ్బా పెట్టి, దానికి ఎదురుగా కూర్చుంది నిరుపమ. ఫోన్‌లో ఆ శాఖలోని మనిషి సోమవారమే ఎంతో ఓపిగ్గా చెప్పాడు, మీరు దాన్ని తీసుకుని స్టేషన్‌కి రావద్దు, మేమే వస్తాం, అంతవరకూ తాళం వేసిన చోట పెట్టండి అని. అందుకని మూడు రోజులుగా ఆ డబ్బా బట్టల బీరువాలో, తన పట్టుచీరల కింద, తాళం మధ్యన ఉంది. నవ్వొచ్చింది ఆమెకి. వాళ్ళమ్మ పెట్టిన చీరల కింద దాచుకోవాల్సిన వస్తువు ఇదవుతుందని ఎవరనుకుంటారు. ఆదివారం గ్యారేజీ సర్దుతుంటే పై అరలో, పెయింటు డబ్బాల వెనక దొరికింది. లోపల నూనెగుడ్డలో చుట్టి, అరటిపండులా కొంచెం వంగిన నల్లటి ప్లాస్టిక్ వస్తువు. డ్రిల్లింగ్ మిషన్‌కి చెందిన ముక్క అనుకుంది మొదట. మూత మీద తెల్ల టేపు అతికించి ఉంది, టేపు మీద దామోదర్ చేతిరాత. రెండే మాటలు. మ్యాగజైన్. ఇచ్చెయ్యాలి. గ్యారేజీలో సిమెంటు నేల మీద అలాగే కూర్చుండిపోయింది, ఎంతసేపో తెలియదు, వీధి దీపాలు వెలిగేదాకా.

ముప్పై ఏళ్ళు మాటలతోనే బతికిన మనిషి ఆమె. తెనాలిలో తొమ్మిదేళ్ళు తెలుగు చెప్పింది, ఇక్కడికొచ్చాక ఆరేళ్ళ పిల్లలకి ఇంగ్లీషులో చదవడం, పదిదాకా లెక్కపెట్టడం నేర్పుతోంది. ఒక మాటకి రెండర్థాలుంటే రెండూ చెప్పకుండా వదిలిపెట్టదు. అలాంటిది, మ్యాగజైన్ అనే మాటకి తుపాకీలో తూటాలు పట్టే అర అని రెండో అర్థం ఉందని ఆదివారం దాకా ఆమెకి తట్టలేదు. తట్టకపోవడానికి కారణం కూడా ఆమే. పదేళ్ళ కిందట దామోదర్ తుపాకీ లైసెన్సు తీసుకుంటానన్నప్పుడు ఇంట్లో నాలుగు రోజులు మాటల్లేవు. అతను పాల డెయిరీలకి సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేసేవాడు, పొలాల వెంట తిరుగుతూ టె అవాముటు అనే ఊరి దగ్గర బ్రెంట్ అనే రైతుతో స్నేహం చేశాడు. బ్రెంట్ పొలంలో కుందేళ్ళు గట్లన్నీ గుల్లచేస్తున్నాయి, ఆవుల కాళ్ళు ఆ బొరియల్లో పడి విరుగుతున్నాయి, శనివారాలు సాయం రమ్మన్నాడు. "మనింటా వంటా లేని పని," అంది నిరుపమ. "పనే గదా నిరూ, సరదా కాదు," అన్నాడు దామోదర్. చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. తుపాకీ ఇనప్పెట్టెలో ఉండాలి, పెట్టె గ్యారేజీలో ఉండాలి, దాని గురించిన ఒక్క మాట కూడా తన చెవిన పడకూడదు. అతను సరేనన్నాడు. సరే అంటే సరే అనే మనిషి. ఆ పదేళ్ళలో ఆ వస్తువు భాగాల పేర్లు ఒక్కటీ ఆ ఇంట్లో పలకలేదు. శనివారం పొద్దున్నే వెళ్ళేవాడు, మధ్యాహ్నం వచ్చి, గ్యారేజీలోనే చేతులు కడుక్కుని, బ్రెంట్ ఇచ్చిన గుమ్మడికాయో తేనె సీసానో బల్ల మీద పెట్టేవాడు. మాంసం ఒక్కనాడూ ఇంటికి తేలేదు.

అతను మాట మీరింది ఒక్కసారే. ఆరేళ్ళ కిందటి మార్చి నెల శుక్రవారం, క్రైస్ట్‌చర్చ్‌లో ఒకడు మసీదుల్లో జనాన్ని తుపాకీతో కాల్చేసిన వార్త వచ్చిన రోజు. ఇంటికొచ్చి కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, గోడకేసి చూస్తూ, "నా దగ్గరున్నదానికీ వాడి దగ్గరున్నదానికీ తేడా ఎంతో నాకు తెలుసు నిరూ. తేడా ఉంది. కానీ నాకు నచ్చేంత లేదు," అన్నాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చిచ్చింది. సోమవారం బడిలో పిల్లలు చాప మీద గుండ్రంగా కూర్చుని, ఎవరూ అడగకుండానే తాబేలు ఆట మొదలుపెట్టారు. తలుపు మూసి, లైట్లు ఆర్పి, బల్లల కింద ముడుచుకుని చప్పుడు చెయ్యకుండా ఉండే ఆట అది, అది ఆట కాదని, ఎవడైనా ఆయుధంతో బడిలోకొస్తే దాక్కోవడం నేర్పేదని టీచర్లకే తెలుసు. ఒక పాప బల్ల కిందనుంచి గుసగుసగా, ఎంతసేపు మిస్, అంది. పదిదాకా లెక్కపెట్టు, అంది నిరుపమ. పాప పది లెక్కపెట్టి, మళ్ళీ పది లెక్కపెట్టి, మళ్ళీ మొదలుపెట్టింది. దానికి పది తర్వాత అంకెలు ఇంకా రావు. పది గడుల చట్రంలో రంగు బిళ్ళలు పేర్చి నేర్పుతారు ఇక్కడ. పది గడులు నిండాయంటే ఆగాలి, పదకొండో బిళ్ళకి చోటు లేదు, దానికి వేరే చట్రం కావాలి. కొన్ని వారాలకి కొత్త చట్టం వచ్చింది. దామోదర్ దగ్గరున్నటువంటి చిన్న తుపాకీకి తూటాలు పెట్టే అరలో పదికి మించి పట్టకూడదు. ఆ సంగతి పేపర్లో చదివినప్పుడు ఆమెకి ఆ పాప గుర్తొచ్చింది. ఒక దేశం కూర్చుని, బాగా ఏడ్చి, ఏడ్చాక లెక్కపెట్టి, పది చాలు అంది. పరాయి దేశం అని అప్పటిదాకా ఎక్కడో ఒక మూల అనుకుంటూనే ఉంది, ఆ రోజుతో ఆ మాట మనసులోంచి జారిపోయింది. పన్ను కట్టేటప్పుడు రాని మమకారం, పిల్ల పుట్టినప్పుడు కూడా పూర్తిగా రాని మమకారం, ఒక అంకె దగ్గర వచ్చింది.

పదీ ఇరవై. పొగమంచులో ఏదో కారు నెమ్మదిగా వెళ్ళింది, ఆగలేదు. ఆమె లేచి, స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి, మళ్ళీ కట్టేసింది. వచ్చేవాళ్ళకి టీ ఇవ్వచ్చో లేదో తెలియదు. నేరం చేసినవాళ్ళు టీ ఇస్తారా. నేరం అన్న మాట ఆమే అనుకుంది, ఎవరూ అనలేదు. ఫోన్‌లో ఆ మనిషి, మీ అంతట మీరే అప్పగిస్తున్నారు, మీకేమీ కాదు అనే చెప్పాడు. కానీ టీచరు సర్టిఫికెట్ మూడేళ్ళకోసారి కొత్తది చేసేటప్పుడు పోలీసుల దగ్గర పేరు తనిఖీ చేస్తారు, వచ్చే ఫిబ్రవరికి తనది ఉంది. అది ఒక భయం. కానీ ఆదివారంనుంచీ నిద్ర పట్టనివ్వనిది అది కాదు. దామోదర్ దాన్ని దాచుకున్నాడా అన్నది. పది చాలని చట్టం చెప్పినప్పుడు, మంచి పని చేశారు అని అందరి ముందూ అన్నవాడు, పైఅరలో పెయింటు డబ్బాల వెనక ఒకటి అట్టే పెట్టుకున్నాడా. మనిషి పోయాక అతని గురించి కొత్తగా ఒక చెడ్డ సంగతి తెలియడం అంటే మళ్ళీ పోగొట్టుకోవడమే. మొదటిసారి పోయినప్పుడు కనీసం మొత్తం మనిషిగా పోయాడు.

మరి ఆ డిసెంబరు సంగతి ఏమిటి. చట్టం వచ్చిన ఏడాదే, పాతవి అప్పగించడానికి ఆఖరి గడువు దగ్గరపడ్డ రోజులు. సోమవారం ఫోన్లో మనిషి చెప్పినదాన్నిబట్టి, ఎక్కువ పట్టేవి అతని దగ్గర రెండుండేవట, ఒకటి పట్టుకెళ్ళి ఏదో హాల్లో ఇచ్చొచ్చాడు. రెండోది కనపడలేదు. అప్పుడు ఆమెకి అవేవీ తెలియవు, తెలిసిందల్లా మూడు రోజులపాటు గ్యారేజీ తల్లకిందులు కావడం, కారు సీట్లు ఊడదీయడం, ఆఖరికి ఆమె కుట్టుమిషన్ సొరుగు కూడా లాగి చూడటం. "ఏం వెతుకుతున్నారండీ?" అంటే, మోకాళ్ళ మీద కూర్చుని తలెత్తి, "నువ్వు వినకూడని మాట," అన్నాడు. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. తను అప్పుడే, పర్లేదు చెప్పండి, అని ఉంటే. మాట కోసం వెతికేవాడికి మాటే చెప్పనివ్వకపోతే ఎలా దొరుకుతుంది. దొరకలేదనే వాళ్ళకి రాసిచ్చొచ్చాడని మాత్రం తెలుసు, ఆ రాత్రి అన్నం తింటూ, "పోయిందని రాసిచ్చాను, అబద్ధం కాదుగా," అన్నాడు, దేని గురించో ఆమె అడగలేదు. అయితే పోయింది మళ్ళీ ఎలా వచ్చింది. ఎప్పుడు వచ్చింది. వచ్చి ఎన్నాళ్ళయింది.

బ్రెంట్‌కి నిన్న రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఇది ఆవులు ఈనే కాలం, ఎత్తడు. దామోదర్ పోయిన వారంలోనే వచ్చి, కాగితాలన్నీ సరిగ్గా రాయించుకుని, తుపాకీని తన పేరు మీదకి మార్పించుకుని పట్టుకెళ్ళింది అతనే. ఆ రోజు గుమ్మంలో నిలబడి, ఇంత పెద్ద మనిషి, చేతిలో టోపీ నలుపుతూ ఏడ్చాడు. ఫోన్ బల్ల మీద వణికేసరికి ఆమె ఉలిక్కిపడింది. అతనే. వెనకనుంచి దూడల అరుపులు. ఆమె అడగవలసింది ముందే ఇంగ్లీషులో పేర్చుకుని ఉంది, చిన్న చిన్న వాక్యాలుగా, పిల్లలకి చెప్పినట్టు. అది తన తప్పేనన్నాడు బ్రెంట్. పోయిన నవంబరులో పాత ట్రక్కు అమ్ముదామని సీటు వెనక శుభ్రం చేస్తుంటే, ఎలకలు కొట్టేసిన గోనె కింద కనపడిందట. ఐదేళ్ళు అక్కడే పడి ఉంది. డామోకి, దామోదర్ని అతను అలాగే పిలిచేవాడు, ఇస్తే పాలిపోయాడట. పారేద్దాం మేట్, నది ఇక్కడే ఉంది అని తను అంటే, కుదరదు, పోయిందని రాసిచ్చాను, దొరికిందని కూడా చెప్పాలి అన్నాడట. సోమవారం ఫోన్ చేస్తానన్నాడట. "ఆ సోమవారమే కదా మీకు స్కాన్," అన్నాడు బ్రెంట్. అవును. ఆ సోమవారమే. తర్వాత ఏ సోమవారమూ వాళ్ళది కాలేదు. ఇంకో మాట చెప్పాడు బ్రెంట్, ఎవరికైనా చెప్పాలంటే నేనొచ్చి చెప్తాను, రాసివ్వమంటే రాసిస్తాను అని. ఆమె థాంక్యూ అంది. ఆ మాట రోజుకి ముప్పైసార్లు అనే మాట ఇక్కడ, బస్సు దిగుతూ కూడా అంటారు. ఈసారి ఆమె దాన్ని రెండుసార్లు అంది.

ఫోన్ పెట్టేశాక బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. దాచుకోలేదు. దాచుకోలేదు మనిషి. డబ్బా మీద పేరు రాసి పెట్టుకున్నాడు, మర్చిపోకుండా. పిల్లల పుస్తకాల మీద పేర్లు రాసినట్టు, గుండ్రంగా, తలకట్లు తిన్నగా. తెలుగులో ఎందుకు రాశాడు. ఆఫీసులో, ఇంట్లో, సామాన్ల జాబితా కూడా ఇంగ్లీషులోనే రాసుకునేవాడు. తెలుగు చదివేది ఆ ఇంట్లో తనొక్కతే. సిరికి మాట తెలుసు, అక్షరం రాదు. అంటే ఆ డబ్బా తన కోసం రాశాడు. ఒకవేళ అతను చెయ్యలేకపోతే తను చెయ్యాలని. ఆరోగ్యంగా ఉండి ఉంటే వాళ్ళకి ఫోన్ చేసి ఇచ్చేసేవాడు, రాయాల్సిన పనే లేదు. ఆ టేపు అతికించిన రోజుకి, ఇంక ఎక్కువ రోజుల్లేవని అతనికి తెలిసే ఉండాలి. ఆమెకి అప్పటికి ఇంకా తెలియదు, డాక్టర్లు చెప్పినదాంట్లో మంచి ముక్కలే ఏరుకుని దాచుకుంటోంది.

అతను పోయే ముందురోజు, బుధవారం సాయంత్రం, ఆసుపత్రిలో మందు మత్తులోంచి కళ్ళు తెరిచి, చాలా స్పష్టంగా అన్నాడు. "నిరూ, ఆ మ్యాగజైన్ ఇచ్చెయ్. డేట్ ఎప్పుడో దాటిపోయింది." మంచం పక్క సొరుగులో లైబ్రరీ మ్యాగజైన్ ఉంది, నిజంగానే దాని తేదీ దాటి రెండు వారాలైంది. మాట అంత చక్కగా అతికింది, ఇంకో అర్థం వైపు చూడాల్సిన అవసరమే రాలేదు. "ఇస్తాలెండి, ఇప్పుడు అదా ముఖ్యం?" అంది. "అదే ముఖ్యం," అన్నాడు. తెల్లవారి మళ్ళీ అడిగాడు, ఇంకా ఇవ్వలేదా అని. మొండితనం అనుకుంది. లైబ్రరీ పుస్తకానికి ఇంత హైరానా పడే మనిషితో ఇన్నేళ్ళు ఎలా వేగానా అని ముద్దుగా విసుక్కుంది కూడా. పదకొండింటికి, ఇప్పుడే ఇచ్చేసి వస్తానండి అని చెప్పి, దుప్పటి సర్ది, మ్యాగజైన్ చంకలో పెట్టుకుని వెళ్ళింది. దాన్ని అతను చూడలేదు, కళ్ళు మూసుకునే ఉన్నాడు. గిరిజ అని నర్సు, ఫిజీ అమ్మాయి, అప్పుడు గదిలో ఉంది. ఆ పిల్ల ముత్తాతలు ఎప్పుడో తెలుగు దేశంనుంచి చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళు, వాళ్ళ నాయనమ్మ నోట విన్న నాలుగు మాటలు ఇంకా గుర్తున్నాయి దానికి, అన్నం, దా, పో, సరే. దహనం రోజున ఆ పిల్ల తెల్ల సల్వారు వేసుకుని వచ్చి, నిరుపమ చెయ్యి పట్టుకుని చెప్పింది. మీరు వెళ్ళాక అంకుల్ కళ్ళు తెరిచి, ఇవ్వడానికి వెళ్ళిందా అని నన్నడిగారు ఆంటీ, వెళ్ళారు అన్నాను. అప్పుడు మా నాయనమ్మ మాట అన్నారు. సరే అన్నారు. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

మూడు నెలలుగా ఆ సరే అన్నమాట ఆమెకి ఊరటనివ్వలేదు, గుచ్చుకుంది. లైబ్రరీ గూట్లో పడ్డ ఒక పనికిరాని కాగితాల కట్ట కోసం చివరి సరే వేరేవాళ్ళ చెవిన పడింది అని. ఇప్పుడు, పొగమంచు ఇవతల, డబ్బా ఎదురుగా, ఆ మాట నెమ్మదిగా అటు తిరిగి కూర్చుంది. అతను ఆ అమ్మాయిని అడిగింది లైబ్రరీ గురించి కాదు. పోయిందని రాసిచ్చినది దొరికింది, దాన్ని ఇవ్వడానికి భార్య వెళ్ళింది, ఆ ఇంట్లో వినకూడని మాటని ఆఖరికి ఆమె వింది, విని లేచింది, ఇంక తన పేరు మీద ఏమీ మిగల్లేదు అనుకున్నాడు. సరే అన్నాడు. ఆమె పొరబడకపోయి ఉంటే, ఏ మ్యాగజైన్ అండీ అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆ ఆయాసంలో అతను ఎంత చెప్పాల్సి వచ్చేది, ఆమె ఎంత బెదిరేది, ఎన్ని ఫోన్లు, ఎన్ని కాగితాలు. అవన్నీ ఆ గురువారం లోపల తెమిలేవా. పొరబాటుకి దణ్ణం పెట్టుకోవచ్చని ఆమెకెవరూ నేర్పలేదు. బల్ల మీద చేతులు వాటంతట అవే ఒకదాని పక్కకి ఒకటి వచ్చి చేరాయి.

పదీ నలభైకి తలుపు తట్టారు. వచ్చినావిడ పేరు మెరియానా అంది, యాభై ఏళ్ళుంటాయి, మామూలు బట్టల్లో ఉంది, మెడలో పచ్చరాయి లాకెట్. నిరుపమ ఏమీ చెప్పకముందే గుమ్మం దగ్గర వంగి బూట్లు విప్పి, గోడ వారగా పెట్టి లోపలికొచ్చింది. ఆ ఒక్క పనితో నిరుపమ వీపు మీదనుంచి ఏదో దిగింది. టీ ఇస్తే తాగుతారా అంది. తాగుతాను, పాలు ఎక్కువ, అంది మెరియానా. ముందు డబ్బా మూత తీసి, గుడ్డ విప్పి, నల్లటి దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, ఖాళీగానే ఉందని చూపించింది. ఇరవై ఐదు పడతాయి దీంట్లో అంది. నిరుపమ మనసులో పది గడుల చట్రాలు రెండు నిండి, మూడోది సగం నిండి కనిపించాయి. జరిగిందంతా వరసగా చెప్పింది, బ్రెంట్ పేరు, ట్రక్కు సీటు, నవంబరు, సోమవారం. మెరియానా రాసుకుంది, తొందరపెట్టలేదు. తర్వాత టేపు మీద వేలు పెట్టి, ఇదేం భాష, ఏమని ఉంది అనడిగింది.

నిరుపమ టేపు మీది రెండు మాటలూ మళ్ళీ చదివింది. మొదటి మాట సులువు, అది వాళ్ళదే. రెండోదాని దగ్గర ఆగిపోయింది. ఇచ్చెయ్యాలి. ఇవ్వాలి అని రాయలేదు, ఇచ్చెయ్యాలి అని రాశాడు. ఇచ్చి, చేతులు దులుపుకుని, మళ్ళీ దాని ఊసు లేకుండా ఇవ్వడం. ఎవరు ఇవ్వాలో అందులో లేదు. నేనా, నువ్వా, ఎవరైనా సరేనా. తెలుగులో ఆ చోటు ఖాళీగా వదిలెయ్యొచ్చు, ఇంగ్లీషులో ఎవరో ఒకరు వచ్చి నిలబడాలి. పోలీసు కాగితం మీద రాయబోతున్నారు కనక ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పకూడదు, తక్కువా చెప్పకూడదు. తన భర్తకి అనుకూలంగా చెప్తోందని ఆవిడ అనుకున్నా అనుకోవచ్చు. "మస్ట్ బి హ్యాండెడ్ ఇన్," అంది చివరికి, ఒక్కొక్క మాటే. "కచ్చితంగా అంతే, ఒక్క అక్షరం కూడా నేను కలపలేదు." మెరియానా తలెత్తి ఆమెని చూసి, మీరు టీచరా అనడిగింది. అవునంది. అనుకున్నాను అని, రాసుకున్నది చదివి వినిపించింది. భర్త తానే అప్పగించదలచి, అప్పగించాలని గుర్తు రాసి ఉంచి, అనారోగ్యంతో మరణించారు, భార్య అప్పగించారు. ఇంతే. ఇంక మీ మీద గానీ ఆయన మీద గానీ ఏమీ ఉండదు అంది. రసీదు చింపి ఇచ్చింది. టీ కప్పు తనే సింకు దగ్గరికి తీసుకెళ్ళి కడిగి బోర్లించింది. బూట్లు వేసుకుంటూ, పని తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, చాలామంది మొగుళ్ళు ఇలా రాసిపెట్టరండీ అంది.

కారు పొగమంచులోకి వెళ్ళిపోయింది. నిరుపమ రసీదు మడిచి, మైలో డబ్బాలో వేసి మూత పెట్టింది. డబ్బా ఉంచుకోవచ్చన్నారు, టేపుతో సహా. పదకొండుంపావు కావస్తోంది. గిరిజకి ఫోన్ చేసి, ఆదివారం భోజనానికి రమ్మని చెప్పింది, ఎందుకో చెప్పలేదు. ఆ పిల్ల సరే ఆంటీ అంది. బ్రెంట్‌కి, అయిపోయింది, మేలు మర్చిపోను అని మెసేజ్ పెట్టింది, ఇంగ్లీషులో మేలు అనే మాటకి సరైనది దొరక్క రెండుసార్లు కొట్టేసి రాసింది. పెరట్లో మంచు పల్చబడి ఫీజోవా చెట్టు కొమ్మలు మాత్రం కనబడుతున్నాయి. ఆమె ఫోన్‌లో సిరి పేరు దాకా వెళ్ళి, ఏ భాషలో మొదలుపెట్టాలో తెలియక, ఫోన్ బల్ల మీద పెట్టింది.

ఆ రోజు లైబ్రరీకి ఎవరు అడిగితే వెళ్ళిందో, అడిగింది ఏ మ్యాగజైనో సిరికి ఇంకా చెప్పలేదు.